వర్ధన్నపేట దారిలో నాలుగు డప్పులు

వరంగల్ వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే: కోట చూశావా, వేయి స్తంభాల గుడి చూశావా? చూడలేదు. గుడి పక్కనుంచి ఆటోలో రెండుసార్లు వెళ్ళి కూడా దిగలేదు. నేను చూసింది పిండిమర మీద ఒక మేడగది, ఒక పల్లెటూరి చర్చి, ఆ చర్చి వెనక రేకుల షెడ్డు కింద వంటపొయ్యి. వాటి గురించే రాస్తున్నాను. గుడి గురించి కావలసినవాళ్ళకి పుస్తకాలు బోలెడున్నాయి.

ముందు నా సంగతి చెప్పాలి. కాకినాడలో పాతికేళ్ళుగా పిల్లలకి గాత్రం, వీణ నేర్పుతున్నాను. వినయం నటించడం నాకు చేతకాదు, బాగానే నేర్పుతాను. కిందటి వేసవిలో ఒకావిడ తన ఎనిమిదేళ్ళ పాపని తీసుకొచ్చింది. పేరు హాసిని. రెండు చెవులకీ మిషన్లున్నాయి, అవి పెట్టుకున్నా సరిగ్గా వినపడదట. నేను ఒక్కసారి పాప మొహం చూసి, "డ్రాయింగ్ నేర్పించమ్మా, పైకొస్తుంది" అని పంపేశాను. వాళ్ళు చెప్పులు వేసుకుంటూ ఉండగానే తరవాతి పాఠం మొదలెట్టేశాను.

ఆ తరవాత రాజమండ్రిలో సంగీతం పంతుళ్ళ సమావేశమొకటి జరిగితే, భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను. గొప్పగా కాదు, మామూలుగానే. ఎదురుగా కూర్చున్నావిడ అన్నం కలపడం ఆపేసింది. హనుమకొండలో ఒక కాలేజీలో గుమాస్తా ఉద్యోగం, సాయంత్రాలు డప్పు నేర్పుతుంది, పేరు స్వరూప. "అట్లెట్ల పంపినవక్కా?" అంది. నేను ఏదో సమాధానం చెప్పబోయాను. "మా దిక్కు ఒక్కసారి రా, సూపెడ్త" అని మళ్ళీ అన్నం కలుపుకుంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంట మూడు నెలలు ఆరలేదు. చివరికి, వెళ్ళి చూసి ఆవిడది తప్పని తేల్చుకు వద్దామన్న పంతంతోనే టికెట్ కొన్నాను.

కాజాల పెట్టెతో వరంగల్ స్టేషన్‌లో

కాకినాడ నుంచి వెళ్ళేవాళ్ళం కాజాలు లేకుండా వెళ్ళం కదా. రెండు కిలోల గొట్టం కాజాలు పట్టుకెళితే ఖమ్మం దాటేసరికి పాకం కారి, నా చీరల సంచీ అడుగంతా జిగురు. వరంగల్‌లో దిగేటప్పటికి చీమలు కూడా నాతోనే దిగాయి.

ఆటో నడిపే ఆయనకి నలభై ఏళ్ళుంటాయి. "ఏడికి పోవాలె అక్కా?" అన్నాడు. మా ఊళ్ళో ఆటోవాళ్ళకి నేను మేడమ్‌ని. ఇక్కడ ఎక్కకముందే అక్కనైపోయాను. హనుమకొండకి నూటయాభై అడిగాడు, నేను గీచిగీచి నూట ఇరవైకి దింపాను. ఫలానా పిండిమర దగ్గర ఆపమనగానే వెనక్కి తిరిగి, డప్పు మేడం దగ్గరికా అని అడిగాడు. అవునన్నాను. ఇక దారంతా ఆయనే మాట్లాడాడు.

"మా ఇంట్ల ఎవ్వలు డప్పు ముట్టరక్కా. నా బిడ్డ ముట్టింది. మా అమ్మ వారం రోజులు నాతోని మాట్లాడలే. ఇప్పుడు ఆమెనే క్లాసుకు టైమైతాందని పిల్లను లేపుతాంది" అన్నాడు. దిగేటప్పుడు వందే తీసుకున్నాడు. బేరమాడినందుకు నాకే సిగ్గేసింది.

గిర్ని మీద గది

పిండిమరని ఇక్కడ గిర్ని అంటారు. కింద గిర్ని, పైన స్వరూప క్లాసు. గిర్ని ఆడుతున్నంతసేపూ పైన గచ్చు సన్నగా అదురుతూనే ఉంటుంది. మా ఇంట్లో వీధి చప్పుడు వినపడకూడదని కిటికీలకి రెండో వరస తలుపులు పెట్టించుకున్నదాన్ని నేను. ఇదేం చోటు ఎంచుకున్నావని అడిగితే, డప్పుల చప్పుడుకి నాలుగు ఇళ్ళవాళ్ళు ఖాళీ చేయించారని, గిర్నీ ఆయన ఒక్కడే తన చప్పుడు ముందు మీ చప్పుడెంత అన్నాడని చెప్పింది.

క్లాసు అంటే ముందు డాబా మీద మంట. ఇనప మూకుడులో పాత కాగితాలూ అట్టముక్కలూ వేసి ముట్టిస్తారు. ఆ సెగకి డప్పుని అటూ ఇటూ తిప్పితే తోలు బిగుసుకుని గొంతు పలుకుతుంది. మొదటిసారి దగ్గరగా చూస్తున్నాను. పొగకి కళ్ళు మండి, దగ్గొచ్చి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. స్వరూప నవ్వింది. డప్పు ఎప్పుడూ ముట్టుకోలేదా అని అడిగింది. లేదన్నాను. మృదంగం ముట్టుకున్నావా అంది. ముట్టుకోకేం అన్నాను. "దానికి కట్టింది ఏం తోలక్కా?" అంది. నాకు దాహం వేస్తోందని చెప్పి కిందికెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను.

పది పదిహేనుమంది ఉన్నారు. పత్తి ఏరే కూలీల ఆడపిల్లలు, కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు, కీబోర్డు వాయించే ప్రవీణ్ అనే చూపులేని అతను, వినపడనివాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకామె భుజం మీద దారప్పోగులతో, అప్పుడే టైలరింగ్ షాపు నుంచి వచ్చి మంట దగ్గర చేరింది. ఇరవై రెండేళ్ళ దీవెన. ఎవరు ఏ డప్పు వేడిచేసినా చివరికి ఆమె ముందు పెట్టాలి. ఆమె అరచెయ్యి తోలు మీద ఆనించి తల అడ్డంగా ఊపిందంటే ఇంకా కాలేదని. మళ్ళీ సెగ చూపించాలి. నిలువుగా ఊపితే అయినట్టు. చెవులున్న స్వరూప కూడా ఆ చేతినే నమ్ముతుంది.

దీవెన నన్ను చూసి, నా చెయ్యి పట్టుకు లాగి, డప్పు వెనకవైపు ఆనించి, ముందునుంచి పుల్లతో ఒక్క దెబ్బ వేసింది. మోచేతి దాకా ఝల్లుమంది. తను నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నోటితో చెప్పినా ఆమెకి వినపడదు కదా అనుకుని తల నిలువుగా ఊపాను.

నోరు కదిపే పిల్ల

శుక్రవారం పొద్దున్న స్వరూప సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, శనగపప్పు, కారం కలిపి గిన్నె లోపల అంటించి కాలుస్తారు. మా దిబ్బరొట్టెకి దూరపు చుట్టం అనుకోవచ్చు, కాకపోతే ఇది పళ్ళతో పోట్లాడుతుంది. రెండు తిన్నాను. నా కాజాలు వాళ్ళకి మరీ తీపి. మర్యాదకి తలొకటి తిని, మిగతావి గిర్నీకి పంపేశారు.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. దీవెనది వర్ధన్నపేట దాటాక లోపలికుండే పల్లె. వాళ్ళ నాయనమ్మ సుగుణమ్మ రిటైరైన బడి పంతులమ్మ, ఊరి చర్చిలో నలభై ఏళ్ళుగా పాటల బృందానికి పెద్ద. ఇంట్లో అందరూ ఆ బృందంలో పాడేవాళ్ళే, దీవెన తప్ప. ఆదివారం కోత పండుగ. పండిన పంటలో మొదటిది చర్చికి తెచ్చి ఇచ్చే రోజు. దానికి స్వరూప, ప్రవీణ్ కలిసి ఒక కొత్త పాట కట్టారు. బృందం పాడాలి, నాలుగు డప్పులు మోగాలి, ముందు డప్పు దీవెనది. పాట సుగుణమ్మకి నచ్చింది. డప్పు చర్చిలోకి రాకూడదంది.

పాస్టర్‌గారు మధ్యేమార్గం చూశారట. ఆదివారం ఆరాధనకి ముందు, ఎనిమిదింటికి, సుగుణమ్మ ముందు ఒక్కసారి వాయించాలి. ఆమె సరే అంటే సరే, లేదంటే లేదు. ఆ పాస్టర్‌గారికి అక్షరాలు దిద్దించింది కూడా సుగుణమ్మేనట. ఇక ఆయనేం ఎదురు చెప్తారు?

గేటు బయట వాయించుకోండి, ఎవరు వద్దన్నారు అని నేనే సలహా ఇచ్చాను. పొద్దున్నే వచ్చి మాతో కూర్చున్న దీవెన నా పెదాలు చూసి అర్థం చేసుకుందో, స్వరూప సైగలు చూసో, ఫోన్ తీసి గబగబా టైపు చేసి నా మొహం ముందు పెట్టింది.

"అందరు లేసి పాడుతరు. నేను కూసుంటె మర్యాద గాదంట. అందుకని లేసి నోరు కదుపుత. పన్నెండేండ్ల సంది ఊరికెనే నోరు కదుపుతున్న. గేటు బయటైతె నేను రాను."

చదివి ఫోన్ తిరిగి ఇచ్చేశాను. హాసిని గుర్తొచ్చింది. చెప్పులు వేసుకుంటూ ఆ పాప నా వీణకేసి చూసిన చూపు అప్పుడు గమనించలేదనుకున్నాను, గమనించాను.

ఆరోజు సాయంత్రం క్లాసులో మూలన కూర్చోవడం మానేసి, బృందం పాడే భాగం నేను పాడతాను, మీరు వాయించండి అన్నాను. రెండు గంటలు పాడాను. నా గొంతు అలిసింది కానీ వాళ్ళు ఆపలేదు.

వర్ధన్నపేట బస్సు

శనివారం నేను, స్వరూప, దీవెన నాలుగు డప్పులతో బస్సెక్కాం. ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి బస్సులో వేలు పెట్టే సందు లేదు. ఒక డప్పు నా ఒళ్ళో పెట్టారు. పక్కన కూర్చున్న ముసలామె డప్పునీ నా పట్టుచీరనీ మార్చిమార్చి చూసి, "ఎవలన్న పోయిండ్రా బిడ్డా?" అని అడిగింది. కాదు, పండుగకి అన్నాను. ఆమెకి నమ్మకం కుదరలేదు.

దారంతా రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి. సగం దూరం వెళ్ళేసరికి మబ్బు కమ్మి వాన మొదలైంది. బస్సు కిటికీలోంచి చూస్తుంటే జనం పరదాలు పట్టుకుని కుప్పల మీదికి పరుగెడుతున్నారు. మా వైపు నవంబరు వానలు మాకు కొత్త కాదు, అయినా ఆరబోసిన గింజ తడుస్తుంటే చూడ్డం ఎక్కడైనా కష్టమే.

సుగుణమ్మ గారి వరండా

సుగుణమ్మగారికి డెబ్భై ఐదు పైమాటే. తెల్లచీర, నిటారైన నడుం. నన్ను చూడగానే పాడమంది. పాడాను. ఆవిడ హార్మోనియం తీసి శ్రుతి కలిపింది. రెండో పాటకే మేమిద్దరం ఒక జాతివాళ్ళమని తెలిసిపోయింది: ఎదుటివాళ్ళ అపస్వరం క్షమించని జాతి. మక్క గారెలు, అంటే మొక్కజొన్న గారెలు, వేయించి పెట్టింది. పోనీ నేనే అడుగుదామని ధైర్యం చేసి డప్పు సంగతి ఎత్తాను.

ఆవిడ కోప్పడలేదు. హార్మోనియం మూత వేసి చెప్పింది. వాళ్ళ నాన్న డప్పు కొట్టేవాడు. ఊళ్ళో ఎవరు పోయినా కబురొచ్చేది, తింటున్న కంచం దగ్గరనుంచైనా లేచి వెళ్ళాలి. ఈవిడ ఆరో తరగతిలో ఉండగా బడిలో మొదటిసారి పాట పాడే రోజున, కూతురి పాట వినడానికి ఆయన ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు. గుమ్మంలోనే కబురొచ్చింది.

"మా నాయిన పొద్దుమూకినంక వచ్చిండు. ఏం మాట్లాడకుంట డప్పును పొయ్యిల పెట్టిండు. ఆ మంట మీదనే మా అమ్మ బువ్వ వండింది, తిన్నం. గా సప్పుడు మల్ల నా పిల్లల చేతుల ఉండొద్దని గప్పుడే అనుకున్న బిడ్డా" అంది.

దీనికి బదులు చెప్పడానికి నాకేం హక్కుంది? గారె చల్లారిపోయింది. గుమ్మంలో నిలబడిన స్వరూప కూడా వాదించలేదు. "నువ్వు అన్నది నిజమే టీచరమ్మా. మా తాతది గూడ గదే కత. అందుకనే పిలిస్తె పోకుంట, మేమే ఎక్కడ కొట్టాల్నో అక్కడ కొడుతం" అని మాత్రం అంది. సుగుణమ్మగారు పొద్దున వింటానంది.

నన్ను రాత్రికి అక్కడే ఉండమన్నారు. స్వరూప ప్రవీణ్‌నీ, డప్పు కొట్టే మిగతా ఇద్దరినీ తీసుకురావడానికి తిరుగు బస్సుకి వెళ్ళింది. హనుమకొండలో బాగా సెగ చూపించిన డప్పులవి. వాటిని దుప్పట్లో చుట్టి వరండాలో బల్ల మీద పెట్టి, వెళ్తూవెళ్తూ నాకు చెప్పింది: "అక్కా, డప్పులు జర పైలం." జాగ్రత్త అని.

ఆదివారం పొద్దున

నేను చేసిన పని ఇప్పుడు రాయాలి. రాయకుండా ఉంటే బాగుండునని ఉంది.

తెల్లారేసరికి వాన ముసురుగా మారింది. దీవెన కూరగాయలు తరగడానికి అప్పటికే చర్చికి వెళ్ళిపోయింది. నేను స్నానం చేసి వరండాలోకి వచ్చి దుప్పటి తీసి చూద్దును కదా, డప్పుల నిండా మసి, చెమట మరకలు, వేళ్ళ జాడలు. ఇంత పండక్కి, ఆ చాదస్తపు ముసలావిడ ముందు, ఇంత మురికిగానా? ముప్ఫై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం తడిగుడ్డతో వీణ తుడిచే చెయ్యి నాది. బకెట్‌లో గుడ్డ ముంచి, పిండి, నాలుగు డప్పులూ శుభ్రంగా, ముందూ వెనకా, తోలు మీద మరక పోయేదాకా రుద్దిరుద్ది తుడిచాను. వేడికి బిగుస్తుందని కళ్ళారా చూసినదాన్ని, తడిస్తే వదులవుతుందని బుర్రకి తట్టలేదు. నిజం చెప్పొద్దూ, మనసులో కాస్త గర్వం కూడా ఉంది: చూశారా, మా ఇంటావంటా లేకపోయినా డప్పు ముట్టుకుని తుడుస్తున్నాను అని. ఎవరైనా చూస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

ఎనిమిదింటికి చర్చి లోపల మేము, పాస్టర్‌గారు, పాటల బృందం. ముందు వరసలో హార్మోనియం దగ్గర సుగుణమ్మగారు. స్వరూప పొద్దున బస్సు దొరక్క, ఆ ముగ్గురితో ఆటో మాట్లాడుకుని, తడిసిముద్దై అప్పుడే వచ్చింది. డప్పు చూసుకునే వ్యవధి లేదు. దీవెన భుజానికి తగిలించుకుని మొదటి దెబ్బ వేసింది.

తడి గోనెసంచిని కొట్టినట్టు చప్పుడైంది. ఆమెకి ఆ చప్పుడు తెలియదు, చేతికి రావలసింది రాలేదని తెలిసింది. ఆగిపోయింది. అరచెయ్యి తోలు మీద పెట్టింది. స్వరూపకేసి చూసి తల అడ్డంగా ఊపింది. తక్కిన మూడూ చూసింది, మూడింటికీ అంతే.

"ఎవలు తడిపిండ్రు?" అంది స్వరూప.

నేనేనన్నాను. మసిగా ఉంటే తుడిచానన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ తట్టలేదు. స్వరూప అరిచినా బాగుండేది. "అక్కా, నువ్వు జర అవుతల నిలబడు" అంది అంతే. దీవెన నాకేసి చూడలేదు. పాస్టర్‌గారు గడియారం చూసుకుని, ఆరాధన పదింటికమ్మా, ఏం చేద్దామంటారు అని ఎవరినీ చూడకుండా అడిగారు. సుగుణమ్మగారు మాత్రం హార్మోనియం మెట్ల మీది దుమ్ము వేలితో తుడుస్తూ కూర్చుంది.

వంటపొయ్యి

బయట గడ్డివాము తడిసిపోయింది. కాగితాలు అంటుకోవడంలేదు. స్వరూప వానలోనే అగ్గిపెట్టె కొంగులో దాచుకుని ఆవరణంతా తిరిగింది. నేను వెనకాలే తిరిగాను. ఆవలికి పొమ్మన్నా వెళ్ళలేదు, ఇంత చేసి ఊరికే నిలబడడం నా వల్ల కాలేదు. నేనే ముందు చూశాను: చర్చి వెనక రేకుల షెడ్డు కింద విందు వంట. నేలలో బారుగా తవ్విన గాడిపొయ్యి, దాని మీద మూడు గుండిగలు.

వంట చేస్తున్నది కొమురమ్మ. చర్చి మనిషి కాదు; ఊళ్ళో ఏ పెళ్ళయినా, బోనాలైనా, కోత పండుగైనా వంట ఆమెదే. ఆమె కాళ్ళమీద పడ్డంత పనిచేసి విషయం చెప్పాను. పూర్తిగా వినకుండానే పప్పు గుండిగ దింపించేసింది. "పప్పు ఎనక ఉడుకుతది. గీడ కూసోండ్రి" అని గరిటె కాడతో నిప్పులు ఒక పక్కకి లాగింది.

నలుగురూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. పొగ, వాన జల్లు, ఉల్లిపాయ ఘాటు. టైం తొమ్మిది దాటింది. దీవెన ఆత్రంగా డప్పుని నిప్పుల మీదికి ఇంకా ఇంకా వంచుతోంది. స్వరూప మరో డప్పుతో తలమునకలుగా ఉంది.

"గంత దగ్గర వద్దు, పలుగుతది."

వెనక్కి చూస్తే గొడుగు కింద సుగుణమ్మగారు. ఆ మాట దీవెనకి ఎలా వినపడుతుంది? ఆవిడ గొడుగు పారేసి, వంగి, మనవరాలి మణికట్టు పట్టుకుని డప్పుని జానెడు పైకి లేపింది. తరవాత ఆ తెల్లచీరతోనే కొమురమ్మ పీట లాక్కుని కూర్చుని, డప్పు తన చేతిలోకి తీసుకుంది. అంచు పట్టుకుని, రొట్టె కాల్చినట్టు, ఎక్కడా ఆపకుండా తిప్పుతోంది. మధ్యమధ్య వేలి కణుపుతో కొట్టి చూస్తోంది. అరవై ఏళ్ళు దాటి ఉంటుంది ఆ చేతులు ఆ పని చేసి. కొమురమ్మ గరిటె పట్టుకుని చూస్తూ నిలబడిపోయింది.

ఆవిడ తలెత్తకుండా నాతో అంది: "పొద్దుగాల నువ్వు తడిబట్ట పెడుతుంటె నేను తలుపు కాడ నిలబడి సూసిన బిడ్డా. తడిస్తె ఏమైతదో నాకు ఎరికె. అడ్డం చెప్పలె."

ఎవరైనా చూస్తే బాగుండుననుకున్నాను కదా, చూసింది.

"అది పన్నెండేండ్లు నా ఎదురుంగనే ఊకె నోరు కదిపింది. గది గూడ నాకు ఎరికె" అంది. డప్పు మనవరాలి ఒళ్ళో పెట్టి, ఆమె అరచెయ్యి తీసి తోలు మీద ఆనించి, మొహంలోకి చూస్తూ ఆగింది. దీవెన తల అడ్డంగా ఊపింది. సుగుణమ్మగారు విసుక్కోకుండా డప్పు వెనక్కి తీసుకుని మళ్ళీ సెగ చూపించింది. రెండోసారీ కాలేదు. మూడోసారికి దీవెన తల నిలువుగా ఊగింది. ఏడుస్తోందో, పొగో, నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను, పొగ వల్ల కాదు.

చర్చి లోపల

పదింటికి నాలుగు డప్పులూ లోపలికి వెళ్ళాయి. ఇద్దరు పెద్దమనుషులు లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. వాళ్ళని ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. సుగుణమ్మగారు హార్మోనియం ప్రవీణ్‌కి ఇచ్చేసి, బృందం ముందుకొచ్చి చెయ్యెత్తింది. దీవెన కళ్ళు ఆ చేతిమీదే. చెయ్యి దిగింది, డప్పు మోగింది. కాళ్ళ కింద బండలు అదిరాయి, మా గిర్ని మీద గచ్చులాగే.

రెండో చరణంలో బృందం తొందరపడి లయ జారింది. నా చెవి అలాంటివి వదలదు. డప్పు జారలేదు. ఒక్కొక్క గొంతూ వచ్చి మళ్ళీ దానిమీదే నిలబడింది. పాట అయిపోయేదాకా దీవెన పెదాలు కదపలేదు.

విందు తరవాత జనం తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం వేశారు. నేను ఇంకా ఆ పాట మనసులో పాడుకుంటూ చేత్తో తాళం వేస్తున్నానేమో, వేలం వేసేవాళ్ళు దాన్నే నా పాటగా లెక్కవేసి మోయలేనంత గుమ్మడికాయ నాకు కట్టబెట్టారు. వరండాలోకి వెళ్ళిపోయిన ఇద్దరిలో ఒకాయనే దాన్ని బస్సు దాకా మోసిపెట్టాడు. డప్పు గురించి మాత్రం మాట్లాడలేదు.

హనుమకొండ వెళ్ళేదాకా స్వరూప నాతో ముభావంగానే ఉంది. దిగే ముందు, నేను తుడిచిన డప్పుల్లో ఒకటి నా ఒళ్ళో పెట్టింది. "తీస్కపో. మీది సముద్రం ఊరు గదా, రోజు సెగకు కాపాలె. ఫికర్ చెయ్యకు, అలవాటైతది" అంది.

కాకినాడ, మా పెరడు

హాసిని వాళ్ళ నంబరు నా దగ్గర లేదు. రాసుకోవాలని కూడా అనుకోలేదు కదా. మూడు వీధులు తిరిగి ఇల్లు పట్టుకున్నాను. వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "మీరే వద్దన్నారు కదండీ, డ్రాయింగ్‌లో చేర్చేశాం" అంది. తప్పు నాదేనని చెప్పాను. మర్నాడూ వెళ్ళాను. నాలుగోసారికి లోపలికి రమ్మంది.

డప్పు నాకూ రాదు. వీడియో కాల్‌లో ఆదివారాలు స్వరూప పాఠం చెప్తుంది, ఒక్కోసారి దీవెన తెరమీద చేతులు చూపించి నా పట్టు సరిచేస్తుంది. పాతికేళ్ళ తరవాత మళ్ళీ తిట్లు తింటున్నాను. నేను నేర్చుకున్నది నేర్చుకున్నట్టు హాసినికి చెప్తున్నాను, తను నాకన్నా ముందే పట్టేస్తోంది. పక్కింటావిడ పొగ గురించి రెండుసార్లు గొడవపెట్టుకుంది. పెట్టుకోనీ.

నిన్న సాయంత్రం సముద్రపు గాలికి తోలు బాగా మెత్తబడింది. పెరట్లో మూకుడులో కాగితాలు ముట్టించి, జానెడు ఎత్తున పట్టుకుని, ఆపకుండా తిప్పి, హాసిని ముందు పెట్టాను. తను అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపింది.

ఇంకో కాగితం ముట్టించాను.